కాంతిని కొలుచు సోలలు

పెండ్లిపందిట వధూవరుల మధుపర్కములు తెల్లనివి, వధువు జడ నల్లనిది. పందిరి సందునుండి ఎండ యొకింత పడినదా, తీసిన చిత్రములో వస్త్రపు మడతలన్నియు మాసి తెల్లని మచ్చ మిగులును. మన కన్ను చూచినచోటికెల్ల సర్దుకొనును గనుక మడతలును, జడపాయలును చక్కగనే కానవచ్చును. కెమేరాకు ఈ చిక్కెందులకు?

డిజిటల్ కెమేరాలో ఫిలిముకు మారుగా సిలికాన్ పలక యున్నది. దానిపై కోట్లకొలది సూక్ష్మమైన గదులు గలవు. కాంతి శక్తికణములుగ వచ్చునని ఐన్‌స్టీన్ 1905లో ప్రతిపాదించెను. అట్టి కణమొకటి సిలికానులో ఇంకినపుడు ఒక ఎలక్ట్రాను కట్టు వీడి ఆ గదిలో నిలువయగును. ఇట్లు కూడిన ఆవేశమును గదినుండి గదికి అందించి వెలికి దెచ్చు ఉపాయమును 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనుగొనిరి. వారు మొదట తలచినది కెమేరాను గాదు, గణకయంత్రమునకు స్మృతిసాధనమును! 2009లో నోబెల్ బహుమానము మాత్రము చిత్రములు తీయు సాధనముగనే దానికి లభించినది. నేటి ఫోనులలో ప్రతి గదియొద్దనే ఆవేశమును కొలుచు వేరొక పద్ధతి వాడుకలో నున్నది. గదులకు రంగు తెలియదు. పైనుంచిన ఎరుపు, ఆకుపచ్చ, నీలి తెరలే ఆ పని చేయును.

గదిని ధాన్యము కొలుచు సోల యనుకొందము. సోల నిండిన పిమ్మట పడు గింజలు లెక్కకు రావు. 40,000 ఎలక్ట్రానులు పట్టు గదిలో 40,000 పడినను, 80,000 పడినను అదే తెలుపు. అడుగుననో, లెక్కించు యంత్రమే నాలుగు ఎలక్ట్రానులు అటునిటు తప్పుననుకొందము. అంతకు తక్కువైన వెలుగు ఆ తప్పులో కలిసిపోవును. 40,000ను 4చే భాగింప 10,000. అనగా కనిష్ఠమైన వెలుగును 13 మార్లు రెట్టించినంత మేర. దీనినే డైనమిక్ రేంజి యందురు.

ఇంకొక సంగతి. కాంతికణములు లెక్కపెట్టినట్లు ఒక్కతీరున రావు. సగటున 100 రావలసినచోట 10, 10,000 రావలసినచోట 100 అటునిటు సహజము. కనుక నీడలో నూటికి పది, వెలుగులో నూటికొకటి తేడా. నీడలు గరుకుగ నుండుట పరికరదోషము మాత్రమే కాదు; కాంతి స్వభావమే యట్టిది.

కావున మధుపర్కములు పొర్లకుండునట్లు వెలుగు తగ్గించి తీసి, పిదప నీడలను పెంచుకొనుట మేలు. గరుకైన జడను కొంత సవరింపవచ్చును గాని, పొర్లిపోయిన మడతలను ఎవ్వరును తిరిగి తేలేరు. ఫోనులు వెంటవెంటనే పలు చిత్రములు తీసి, వానిని కలిపి ఈ చిక్కును దాటుచున్నవి. తలంబ్రాలు పోయు చేయి ఆ నడుమనే కదలును గదా! అట్టిచోట ఒక్క చిత్రమునే నమ్ముకొనుట మంచిది.