పేరుకే చేప

సముద్రంలో ఒక జీవి ఉంది. చూడడానికి తెరిచిన గొడుగులా ఉంటుంది. ఒళ్ళు తాటిముంజెలా మెత్తగా, తేటగా ఉంటుంది. గొడుగు కింద పోగులు వేలాడుతుంటాయి. దీన్ని ఇంగ్లీషులో జెల్లీఫిష్ అంటారు.

ఇది రెండు మాటలు కలిసిన పేరు. ఒకటి జెల్లీ. రెండోది ఫిష్. ఫిష్ అంటే చేప. మరి జెల్లీ అంటే?

కొన్ని పండ్ల రసంలో పంచదార వేసి కాచి చల్లారిస్తే గడ్డకడుతుంది. ముంజెలా కదులుతుంది. అదే జెల్లీ. ఈ మాట ఇంగ్లీషులో పుట్టింది కాదు. పూర్వం రోమ్‌లో లాటిన్ భాష మాట్లాడేవారు. అందులో 'గెలారె' అంటే గడ్డకట్టడం, పేరుకోవడం. ఆ మాటే ఫ్రెంచి భాషలో 'జెలే' అయింది. సుమారు 600 ఏళ్ళ కిందట ఇంగ్లీషులోకి వచ్చి, చివరికి 'జెల్లీ' అయింది.

మరి ఇది చేపేనా? కాదు. చేపకు వెన్నెముక ఉంటుంది. మొప్పలు ఉంటాయి. దీనికి అవి లేవు. గుండె లేదు. మెదడూ లేదు. ఒంట్లో నూటికి దాదాపు 95 పాళ్ళు నీళ్ళే. ఇది పగడానికి చుట్టం, చేపకు కాదు.

ఐతే ఫిష్ అని ఎందుకన్నారు? పాత ఇంగ్లీషులో నీళ్ళలో బతికే ఏ జీవినైనా ఫిష్ అనేవారు. నక్షత్రంలా ఉండే జీవిని స్టార్‌ఫిష్ అన్నారు. అదీ చేప కాదు. తర్వాత శాస్త్రం పెరిగింది. పాత పేర్లు మాత్రం ఉండిపోయాయి. మన వేరుశనగ కూడా అంతే. పేరులో శనగ ఉంది గాని, అది శనగ కాదు కదా!

పేరు విని, మెత్తని జీవే కదా అని చేత్తో పట్టుకోకండి. దాని పోగుల్లో విషం ఉంటుంది. తగిలితే భగ్గున మండుతుంది. బంగాళాఖాతం ఒడ్డుకు కూడా ఇవి కొట్టుకొస్తాయి. చచ్చి ఒడ్డున పడినదీ కుడుతుంది. పిల్లల్ని ముట్టుకోనివ్వద్దు.

కుడితే ఏం చేయాలి? సముద్రపు నీళ్ళతోనే కడగాలి. మంచినీళ్ళు పోయకూడదు. ఇసుకతో రుద్దకూడదు. అలా చేస్తే విషం ఇంకా ఎక్కుతుంది. ఆయాసం వచ్చినా, మొహం వాచినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మీది సముద్రం ఒడ్డు ఊరా? మీ ఊళ్ళో వేటకు వెళ్ళేవాళ్ళు ఈ జీవిని ఏమంటారు? అడగండి. ఆ పేరు మీ చేత్తో రాసి పెట్టుకోండి.