బైక్ స్టార్ట్ అవ్వట్లేదా? కొత్త బ్యాటరీ కొనే ముందు ఈ మూడు లెక్కలు చూడండి

పొద్దున డ్యూటీకి బయలుదేరే టైమ్‌కి సెల్ఫ్ బటన్ నొక్కితే టిక్ టిక్ అనే చప్పుడు తప్ప ఇంకేమీ రాదు. బాలాపూర్, ఎర్రకుంట, షాహీన్‌నగర్ వైపు ఎన్నో ఇళ్లకు బైక్ మీదే సంపాదన. డెలివరీకి వెళ్లేవారైనా, పిల్లల్ని స్కూల్లో దింపి షాపు తెరిచేవారైనా బండి ఆగిందంటే ఆ రోజు పని ఆగినట్టే. ఆ కంగారులో వెయ్యి, రెండు వేలు పెట్టి కొత్త బ్యాటరీ వేయించేస్తారు. కొందరికి పది రోజుల్లో అది కూడా డౌన్ అవుతుంది. ఎందుకంటే తప్పు బ్యాటరీది కాదు, దాన్ని చార్జ్ చేయాల్సిన సిస్టమ్‌ది.

బ్యాటరీ చెడిందా, చెడగొట్టేది ఇంకేదైనా ఉందా అని తేల్చడానికి ఒక మల్టీమీటర్ చాలు. కోఠి గుజరాతీ గల్లీలో మామూలు మీటర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది.

ఈ మధ్య సమస్య ఎందుకు పెరిగింది?

2017 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త టూవీలర్లలో ఇంజిన్ నడుస్తున్నంతసేపు ముందు లైట్ వెలుగుతూనే ఉంటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 రూల్ వచ్చాక చాలా బండ్లలో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. పెట్రోల్ పంపు, ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్ రెండూ కరెంట్‌తోనే పనిచేస్తాయి. పాత బండి బ్యాటరీ డౌన్ అయినా కిక్ కొడితే స్టార్ట్ అయ్యేది. ఇప్పుడు చాలా మోడళ్లకు కిక్కే లేదు. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయితే తోసినా లాభం ఉండదు.

మన వాడకం కూడా ఒక కారణం. పాల ప్యాకెట్‌కి ఒకసారి, కూరగాయలకి ఒకసారి, మసీదుకి ఒకసారి అంటూ రోజుకి పదిసార్లు సెల్ఫ్ కొట్టి, ప్రతిసారీ అర కిలోమీటరే నడిపితే ఖర్చయిన చార్జ్ తిరిగి నిండదు.

ముందు కంటితో చూడండి

సీటు లేదా సైడ్ కవర్ తీసి బ్యాటరీ టెర్మినళ్లు చూడండి. తెల్లగా, పచ్చగా పొడి పట్టిందా? బోల్ట్ వదులైందా? ఫ్యూజ్ సరిగా ఉందా? లూజ్ బోల్ట్ వల్ల ఆగిన బండికి కూడా కొత్త బ్యాటరీ అమ్మేవారు ఉంటారు.

తర్వాత హారన్ కొట్టండి. హారన్ గట్టిగా మోగి, లైట్ బాగా వెలిగి, సెల్ఫ్ మాత్రం కదలకపోతే బ్యాటరీని అనుమానించే ముందు కిల్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్, క్లచ్ స్విచ్, సెల్ఫ్ రిలే చూడాలి. హారన్ మూలుగుతూ, లైట్ మసకగా ఉంటే మీటర్ తీయండి.

మూడు లెక్కలు

మీటర్‌ను 20 వోల్ట్ డీసీ దగ్గర పెట్టి ఎర్ర తీగను ప్లస్‌కి, నల్ల తీగను మైనస్‌కి తాకించాలి.

మొదటిది, బండి ఆగి ఉన్నప్పుడు. నడిపిన వెంటనే చూస్తే లెక్క ఎక్కువ చూపిస్తుంది కాబట్టి రాత్రంతా ఆగిన బండిని పొద్దున చూడాలి. 12.6 నుంచి 12.8 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే దాదాపు సగం. 12 కంటే తగ్గితే వెంటనే చార్జింగ్ పెట్టాలి. బ్యాటరీలో ఆరు గదులుంటాయి, ఒక్కోటి రెండు వోల్టుల పైచిలుకు ఇస్తుంది. చార్జింగ్ పెట్టి తీశాక కూడా 10.5 దగ్గరే నిలిచిపోతే ఒక గది చచ్చిపోయిందని అనుకోవచ్చు. అలాంటి బ్యాటరీని మార్చాల్సిందే.

రెండోది, సెల్ఫ్ కొడుతున్నప్పుడు. వోల్టేజ్ కాసేపు పడిపోవడం మామూలే. కానీ 12.6 ఉన్న బ్యాటరీ బటన్ నొక్కగానే 9 కిందకి జారిందంటే లోపల బలం లేదు. పైకి నిండుగా కనిపించి పని దగ్గర చేతులెత్తేసే బ్యాటరీ ఇదే.

మూడోది, ఇంజిన్ నడుస్తున్నప్పుడు. చాలామంది వదిలేసేది ఇదే. లైట్ వెలుగుతుండగా కొంచెం రేస్ ఇచ్చి చూస్తే 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. రేస్ ఇచ్చినా 12 దగ్గరే ఉంటే బ్యాటరీకి చార్జ్ అందట్లేదు. స్టేటర్ కాయిల్, రెగ్యులేటర్, వాటి మధ్య కనెక్టర్ చెక్ చేయించాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టే. అది కొత్త బ్యాటరీని కూడా ఉడకబెట్టి చంపుతుంది. ఈ లెక్క చూడకుండా బ్యాటరీ మార్చడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి చూసే పాత అలవాటు మానేయాలి. వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరి బండి కంప్యూటరే కాలిపోవచ్చు.

నిలబెట్టిన బండి ఎందుకు డౌన్ అవుతుంది?

ఉమ్రాకి వెళ్లినా, అన్న గల్ఫ్‌కి వెళ్లి బండి ఇంట్లోనే ఉన్నా బ్యాటరీ దానంతట అదే మెల్లగా తగ్గుతుంది. ఎండాకాలంలో ఇంకా తొందరగా తగ్గుతుంది. దానికి తోడు బయట బిగించిన అలారం, జీపీఎస్ ట్రాకర్ తాళం తీసేసినా కరెంట్ తాగుతూనే ఉంటాయి. 9 ఏహెచ్ బ్యాటరీ మీద 50 మిల్లీ ఆంపియర్ల భారం పడితే 180 గంటల్లో, అంటే వారం దాటగానే ఖాళీ. 3 ఏహెచ్ చిన్న బ్యాటరీకి రెండున్నర రోజులే. రెండు వారాలకు పైగా బండి తీయకపోతే మైనస్ తీగ విప్పి ఉంచడం మంచిది. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు ముందు ప్లస్.

ట్రికిల్ చార్జర్ కూడా మోసం చేయొచ్చు

నెలల తరబడి ఆగే బండికి కొద్దికొద్దిగా కరెంట్ ఇస్తూ నిండుగా ఉంచేదే ట్రికిల్ చార్జర్. మంచి చార్జర్ మొదట 14.4 దాకా ఎక్కించి, నిండాక 13.2 నుంచి 13.8 మధ్యకు దిగి ఆగుతుంది. దాన్ని కూడా మీటర్‌తోనే పరీక్షించాలి.

చార్జర్ పెట్టాక వోల్టేజ్ కదలకపోతే తీగలోని చిన్న ఫ్యూజ్, తుప్పు పట్టిన క్లిప్పులు చూడండి. ప్లస్, మైనస్ తారుమారుగా పెట్టినప్పుడు ముందు పోయేది ఆ ఫ్యూజే.

మరీ ఖాళీ అయిన బ్యాటరీని కొన్ని స్మార్ట్ చార్జర్లు గుర్తించవు. అప్పుడు చార్జర్ పాడైందని అనుకోకుండా షాపులో బెంచ్ చార్జింగ్ పెట్టించాలి.

ఖాళీ బ్యాటరీకి పది నిమిషాల్లోనే గ్రీన్ లైట్ వస్తే సంతోషించొద్దు. ప్లేట్లు గట్టిపడి చార్జ్ తీసుకోవట్లేదని అర్థం. రెండో లెక్క చూస్తే నిజం బయటపడుతుంది.

రోజంతా 14.5 పైనే నిలబెట్టి, బ్యాటరీని వేడెక్కించే చౌక చార్జర్‌ను వెంటనే తీసేయండి. కొన్ని చార్జర్లలో కరెంట్ పోయినప్పుడు బ్యాటరీ నుంచి కరెంట్ వెనక్కి పారుతుంది, పొద్దున చూస్తే బ్యాటరీ ఖాళీ.

చార్జింగ్ కరెంట్ బ్యాటరీ సైజులో పదో వంతు ఉంటే చాలు. 3 ఏహెచ్‌కి 0.3 ఆంపియర్, 9 ఏహెచ్‌కి 0.9 ఆంపియర్. కారు బ్యాటరీల 5, 10 ఆంపియర్ల చార్జర్ బైక్‌కి పెట్టొద్దు. లిథియం బ్యాటరీకి దాని చార్జరే వాడాలి.

నీళ్లలో మునిగిన బండి

2020 అక్టోబర్ 17 రాత్రి బాలాపూర్ దగ్గరి గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ లాంటి బస్తీల్లోకి నీళ్లు వచ్చిన సంగతి ఇక్కడివాళ్లు మర్చిపోలేదు. నీట మునిగిన బండికి సెల్ఫ్ కొట్టకూడదు. ఇంజిన్‌లో నీళ్లుంటే లోపలి భాగాలు విరుగుతాయి. ముందు మైనస్ తీగ విప్పి మెకానిక్‌కి చూపించాలి. కనెక్టర్లలో చేరిన తేమ కొన్ని నెలలకు పచ్చటి తుప్పుగా మారి చార్జింగ్‌ను ఆపేస్తుంది. అలాంటి బండికి మూడో లెక్క మళ్లీ మళ్లీ చూడాలి.

ఇంట్లో పిల్లలుంటే జాగ్రత్త

చార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది, చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. పడకగదిలో, వంటింట్లో చార్జింగ్ పెట్టొద్దు. గాలి ఆడే చోట, సిగరెట్, అగర్‌బత్తీకి దూరంగా పెట్టాలి. లోపల ఉండేది సల్ఫ్యూరిక్ యాసిడ్. కంట్లో పడితే చాలాసేపు నీళ్లతో కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. సీల్ వేసిన బ్యాటరీని తెరవకూడదు. మూతలున్న పాత రకానికైతే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, కుళాయి నీళ్లు కాదు.

పాత బ్యాటరీని పగలగొట్టి సీసం తీసేవారికి ఇవ్వొద్దు. ఆ సీసం దుమ్ము పిల్లల మెదడుకు హాని చేస్తుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీ కంపెనీలది. కొత్తది కొనే షాపులోనే పాతది ఇస్తే బిల్లులో కొంత తగ్గిస్తారు కూడా. వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర వేయించుకోవడం మర్చిపోవద్దు.

మీటర్ లేనివాళ్లు కూడా మెకానిక్‌ని ఒక్క మాట అడగొచ్చు: "భాయ్, ఆగినప్పుడు ఎంత, సెల్ఫ్ కొట్టినప్పుడు ఎంత, రేస్ ఇస్తే ఎంత చూపించింది?" తెలిసిన మెకానిక్ మీ ముందే మీటర్ పెట్టి చూపిస్తాడు. ఆ మూడు అంకెలు చెప్పకుండానే బ్యాటరీ మార్చమంటే, డబ్బులు తీసే ముందు ఇంకో షాపులో చూపించుకోండి.