శీతకాలపు సముద్రము - చిన్నపడవలు

కార్తికమాసము వచ్చినదనిన మన పట్టణవాసులకు సముద్రము జ్ఞప్తికి వచ్చును. పున్నమిస్నానమునకు కొందరు మంగినపూడికి, కొందరు సూర్యలంకకు, మరికొందరు ఉప్పాడకు బయలుదేరుదురు. మాఘమున అంతర్వేది తీర్థ ముండనే యున్నది. ఆకాశము నిర్మలము, గాలి చల్లన, ఎండ హితవు. గట్టున నిలిచి చూచువారికి సముద్రము సాధుజంతువువలె కానవచ్చును. పిల్లలను మోకాలిలోతు నీట దించి, పల్లెవారి పడవలో ఒక చుట్టు తిరిగి, చీకటి పడకముందే ఇండ్లు చేరుదుము. మన పరిచయ మంతటితో సరి. ఆ పడవవాని పరిచయము వేరు. మనము సుఖప్రదములని యెంచు ఈ నాలుగు నెలలలోనే అతని సంవత్సరపు వేటలో మంచి భాగ మున్నది. అతని ప్రాణమునకు ముప్పును ఈ నెలలలోనే యెక్కువ.

ఇందుకు మూలము గాలి మార్పు. నైరృతి ఋతుపవనము ఆశ్వయుజముతో వెనుదిరుగగా, గాలి ఈశాన్యమునుండి పట్టును. భూమి చల్లబడుచున్నను బంగాళాఖాతపు దక్షిణభాగమున నీటి వేడిమి అంతగా తగ్గదు. అండమానుల చెంత పుట్టిన అల్పపీడనము ఆ వేడినీటి ఆవిరిని త్రాగి బలిసి, వాయుగుండమై, ఒక్కొక్కప్పుడు తుపానై, పడమటికో వాయవ్యమునకో నడచును. దాని త్రోవలో మన తీరమున్నది. వేసవి తుదనుకూడ తుపానులు వచ్చుట కలదు గాని, మన చరిత్రలో నిలిచిపోయిన దినములలో పెక్కు చలికాలపువే. 1789 డిసెంబరున కోరంగి రేవును సముద్రము ముంచినది. 1839 నవంబరున మరల ముంచగా ఆ రేవు తిరిగి తేరుకొనలేదు. 1864 నవంబరు 1వ తేదిరాత్రి బందరున సుమారు ముప్పదివేలమంది ఉప్పెనలో కలిసిరి. 1977 నవంబరు 19న దివిసీమ, 1996 నవంబరు 6న కోనసీమ. 2018 డిసెంబరు 17న ఒక తుపాను గోదావరి ముఖమున, 2023 డిసెంబరు 5న మరియొకటి బాపట్ల చెంత తీరము దాటినవి.

భూస్వాములైన మా పాఠకులకు ఈ తేదులలో కొన్ని కంఠస్థములై యుండును. కోతకు వచ్చిన వరి నేలవ్రాలిన సంవత్సరమును రైతు మరచునా? పడిన చేనును చూచుటకు అధికారులు వత్తురు, కొలుతురు, వ్రాసికొందురు. రాని పడవ ఎవరి కంటను బడదు. చేను ఉన్నచోటనే యుండును గదా!

తుపాను రాకను తెలుపు ఏర్పాటు మన దేశమున లేకపోలేదు. 1864 అక్టోబరున కలకత్తాను తుపాను ధ్వంసము చేసిన పిమ్మట, మరుసటి యేడే అచ్చటి రేవున హెచ్చరిక విధానము మొదలైనది. 1875లో వాతావరణశాఖ ఏర్పడినది. తరువాత రేవులన్నిటను ఒకే తీరు సంకేతములు అమలునకు వచ్చినవి. పగలు స్తంభముపై శంకువులు, గొట్టములు. రాత్రి ఎఱ్ఱని, తెల్లని దీపములు. ఒకటినుండి పదునొకండువరకు అంకెలు. పత్రికలలో 'కాకినాడ రేవున మూడవ నంబరు' అని చదివినప్పుడు చాలమంది దానిని జ్వరమును కొలుచు అంకెవలె భావింతురు. అంకె పెరిగినకొలది గాలియు పెరుగునని తలంతురు. అది పూర్తిగా నిజము కాదు. ఒకటియు రెండును దూరమున నున్న గండమును, మూడును నాలుగును రేవునకే రాగల ముప్పును తెలుపును. ఐదునుండి పదివరకు గల ఆరింటిలో మొదటి మూడు సామాన్యపు తుపానుకు, తక్కిన మూడు తీవ్రమైన దానికి. ఎనిమిదికిని తొమ్మిదికిని గాలి బలములో భేదము లేదు. తుపాను నడచు త్రోవకు రేవు ఎడమనున్న ఎనిమిది, కుడినున్న తొమ్మిది, తుపాను రేవుమీదనే వచ్చుచున్న పది. పదునొకండు అనగా వార్తాసంబంధము తెగినదని యర్థము.

ఈ కుడియెడమల భేదము పండితుల వినోదము కాదు. మన సముద్రమున తుపానుగాలి గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు విరుద్ధముగా తిరుగును. పడమటికి నడచు తుపానునకు కుడివైపనగా ఉత్తరము. అచ్చట గాలి సముద్రమునుండి భూమిమీదికి కొట్టి నీటిని త్రోసికొని వచ్చును. ఎడమవైపున గాలి భూమినుండి సముద్రముమీదికి పోవును. 1977లో తుపాను కేంద్రము నిజాంపట్టణపు ప్రాంతమున తీరము దాటినది. దివిసీమ దానికి కుడిప్రక్క నున్నది. అచ్చట సముద్రపు అడుగు మెరక. తీరము వంపు తిరిగియున్నది. త్రోయబడిన నీటికి ఎక్కడికి పోవుటకును తావు లేక సుమారు 5 మీటర్ల ఎత్తున ఊళ్లమీద పడినది. సుమారు పదివేలమంది చనిపోయిరి. తుపాను తమకు దక్షిణమున పోవుచున్నదని విని ఊపిరి పీల్చుకొనువారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

అయినను ఈ సంకేతములు ఓడలకొరకును రేవులకొరకును ఏర్పడినవి. మన తీరమును చిరకాలము 974 కిలోమీటర్లని లెక్కించి, ఇటీవల మరల కొలిచి 1,053 అని తేల్చిరి. ఇందు రేవుస్తంభము గల చోట్లు వ్రేళ్లపై లెక్కింపదగినవి. తక్కిన తీరమంతయు పల్లెలు, జాలరిపేటలు, ఇసుకదిబ్బమీదికి లాగిన పడవలు. 1996లో గోదావరి ముఖమున జరిగినదేమి? ఊళ్లలో ఇండ్లు కూలి చచ్చినవారటుండగా, వేటకు పోయి మరలిరానివారు వందలమంది. భైరవపాలెము, బలుసుతిప్ప ప్రాంతములలో మగదిక్కు లేని ఇండ్లు నాడు ఎన్నో మిగిలినవి.

తుపాను మాట యటుంచి సామాన్యపు శీతకాలదినమున పడవవాని బ్రతుకెట్టిదో చూతము. తెల్లవారుజామున భూమి సముద్రముకంటె చల్లబడి, గాలి గట్టునుండి బయటికి వీచును. ఆ గాలితో పడవ పోవును. పగటి యెండకు భూమి వేడెక్కగా మధ్యాహ్నమునకు గాలి తిరిగి లోపలికి వచ్చును. దానితో పడవ మరలును. తెరచాప దినములలో వేట యంతయు ఈ రెండు గాలుల మధ్యనే. ఇప్పుడు ఇంజను వచ్చినను వేళలు చాలవరకు ఆ వేళలే. ఈశాన్యపు గాలి బలముగా పట్టిన దినమున ఈ క్రమము చెడును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తీరము వెంబడి నీటివడి దక్షిణమునకు సాగును గనుక, వల వేసి కునుకు తీసిన పడవ మేల్కొనునప్పటికి వేరొక ఊరి యెదుట నుండును. సంక్రాంతి దాటిన పిదప ఈ వడి మెల్లగా ఉత్తరమునకు తిరుగును.

అన్నిటికంటె కష్టమైనది బయటి సముద్రము కాదు, మొగ. ఏరు సముద్రమున కలియు నోటిని పల్లెవారు మొగ యందురు. గోదావరి పాయలలోనైనను, కృష్ణ పాయలలోనైనను, చిన్న యేరులలోనైనను, పడవ ఇంటికి చేరవలెనన్న మొగ దాటవలసినదే. వానకాలమున వరదనీరు ఇసుకను త్రోసి త్రోవ తీయును. శీతకాలమున వరద తగ్గును. అలలు ఇసుకను తెచ్చి మొగలో పోయును. త్రోవ ఇరుకగును, లోతు తగ్గును, నెలనెలకు చోటు మారును. మన తీరమున ఆటుపోట్ల భేదము పెద్దది కాదు. విశాఖపట్టణమున అమావాస్య పున్నములకు సైతము సుమారు ఒకటిన్నర మీటరు. ఓడకు లెక్కలోనికి రాని ఆ ఒకటిన్నర మీటరే చిన్నపడవకు చావుబ్రతుకులు. నీరు తీయువేళ ఏటివడి బయటికి పరుగిడుచుండగా ఎదురుగా వచ్చు అల కుదించుకొని, నిట్టనిలువై, విరుగును. ఆ విరుగుచోట పడవ అడ్డము తిరిగినదా, మునిగినదే. గట్టున నిలిచిన భార్యాబిడ్డలకు మనిషి పోలిక తెలియునంత దగ్గరలో ఇట్టి మరణములు సంభవించుచుండును. మేము ఒక పల్లెలో ముదుసలి యొకనిని ఈ మొగ సంగతి యడుగగా, అతడు వల బాగుచేసికొనుచు తల యెత్తకయే, "పోడం మా సేతిలో ఉంది బాబూ, రాడం మొగ సేతిలో ఉంది" అనెను.

ఇచ్చట మా పాఠకులకు రుచింపని మాట యొకటి చెప్పవలసియున్నది. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను ముగిసినవి. పైన ఎన్నో జలాశయములు తరువాత లేచినవి. వానివలన మన చేలు పండుచున్నవి. మేమును ఆ యన్నమే తినుచున్నాము. కాని శీతకాలమున మన దాళ్వా పొలమునకు పారు నీరు మొగను కడుగుటకు మిగులుట లేదు. పల్లెవాడు మొగ త్రవ్వింపుమని విన్నపము చేసినప్పుడు అది దానము కోరుట కాదు.

పూర్వపు పడవలు ఈ అలలకు తగినట్లే పుట్టినవి. తెప్ప యనగా కట్టిన దుంగలు. నీరు పైనుండి పడి సందులగుండ జారిపోవును, మునుగుట యుండదు. మసూలా పడవకు మేకులు లేవు. పలకలను కొబ్బరిత్రాటితో కుట్టుదురు. అల కొట్టినప్పుడు అది విరుగక వంగును. చెన్నపట్టణమున రేవుగోడలు లేని దినములలో దొరలును దొరసానులును ప్రాణములు అరచేత పట్టుకొని ఈ పడవలలోనే ఒడ్డు చేరిరి. నేటి ఫైబరు పడవ తేలిక, వడిగలది. ఎక్కువ దూరము పోయివచ్చును. కాని దానిలో నీరు నిండిన నిలిచిపోవును, ఇంజను తడిసిన మూగపోవును. దూరము పోగలుగుటయే కొత్త గండమైనది. తెప్పవాడు గట్టుమీది తాటిచెట్లు కనుమరుగు కాకముందే మరలెడివాడు.

పుష్యమాసపు మంచునుగూర్చి ఒక్కమాట. తుపానుల కాలము గడచినదని ఊరట చెందునంతలో కృష్ణా గోదావరుల దిగువ సీమలో ఉదయములు తెల్లని దుప్పటి కప్పుకొనును. సఖినేటిపల్లి పంటుమీద నిలిచిన మనకది కొంత ఆలస్యము మాత్రమే. సముద్రమున దీపము లేని చిన్నపడవకు, వెనుకనుండి వచ్చు మరబోటుకు నడుమ అదియే తెర.

ఇక నేటి హెచ్చరికలు. విశాఖపట్టణమున తుపాను హెచ్చరికల కేంద్రము కలదు. సముద్రము చేరువలో లేని హైదరాబాదులో, 1999లో ఏర్పడిన సముద్రసమాచార కేంద్రము, అలల ఎత్తును, వడిని ముందుగా గణించి చెప్పుచున్నది. చిన్నపడవలకు ఏ దినమున ఏచోట అపాయమో వేరుగా తెలుపు పద్ధతినికూడ ఏర్పరచినది. ఇది సంతోషింపదగిన విషయము. సెల్‌ఫోను గట్టునుండి పది పండ్రెండు కిలోమీటర్లు దాటిన పలుకదు. అందులకు ఉపగ్రహముద్వారా వార్త నందుకొను యంత్రములను పడవల కిచ్చుట ప్రారంభించిరి. దివిసీమనాటి చీకటి నేడు లేదు. తుపాను ఎక్కడ పుట్టినదో, ఎటు నడచుచున్నదో దినములముందే తెలియుచున్నది.

అయినను హెచ్చరిక పల్లె చేరునప్పటి కెట్లుండును? 'గంటకు 45 నుండి 55 కిలోమీటర్ల వేగమున ఈదురుగాలులు వీచును; మత్స్యకారులు వేటకు పోరాదు.' ఆ మాట పలుమారులు జిల్లాలకు జిల్లాలకే వర్తించును. పల్లెవాని ప్రశ్న వేరు. మా మొగలో నేటి సాయంత్రము అల విరుగునా? ఏ జాముకు లోపల ఇల్లు చేరవలెను? రేపు తెరపి యిచ్చునా? ఇవి గణింపరానివి కావు. గణించిన దానిని పల్లెకు పల్లెగా, పల్లెభాషలో, మొగవద్ద ఒక పలకమీద వ్రాయించుట బ్రహ్మవిద్య కాదు. పోటు వేళలు పంచాంగమువలె ముందే తెలిసినవి.

అంతకంటె పెద్ద చిక్కు ఆకలి. నాలుగు దినములు పోరాదని చెప్పి, ఐదవ దినమున గాలి రాకపోయిన, ఆరవ దినపు హెచ్చరికను ఎవడు వినును? అవిధేయుడని వానిని నిందించుట సులభము. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, చేప గ్రుడ్లు పెట్టు కాలమని, తూర్పుతీరమున 61 దినములు మరబోట్ల వేటను నిషేధింతురు. ఆ దినములకు మన రాష్ట్రప్రభుత్వము భృతి యిచ్చుచున్నది. చేపలను కాపాడుటకు వేట మానినవానికి కూలి కలదు. తన్ను కాపాడుకొనుటకు వేట మానినవానికి అట్టి నియతమైన కూలి లేదు. పెద్ద తుపాను వచ్చినప్పుడు బియ్యము పంచుదురు, నిజమే. తుపాను రాక హెచ్చరిక మాత్రము వచ్చిన దినమున పొయ్యిలోనికి ఏమి వచ్చును?

ఆ దినము లెన్నియో ముందు తెలియవు గనుక వానికి భృతి నిర్ణయించుట కష్టమని కొందరందురు. శీతకాలము ముగిసిన పిదప లెక్కింపవచ్చును గదా. అందులకు విచారణసంఘ మక్కరలేదు, అర్జీలతో పనిలేదు. ఏ జిల్లాకు ఏ తేదిని వేటకు పోరాదని చెప్పిరో, ఎన్ని దినములు చెప్పిరో, హెచ్చరిక పంపిన కచేరీ చిట్టాలోనే వ్రాసియున్నది.