కనుసన్న: పదము, పుట్టుక, అర్థము

కంటితో మనసు తెలుపు చేష్టకు తెలుగున పెక్కు పేరులు కలవు. కనుసన్న, కనుసైగ, కన్నుగీటు అనునవి వానిలో ముఖ్యములు. వీనిలో 'కనుసన్న' కర్ణాటకమునందలి తెలుగు పిల్లలను తికమక పెట్టగలదు. బడిలో తెలుగు, వీధిలో కన్నడము వినెడి బాలునకు కన్నడపు 'సణ్ణ' మనసున మెదలును. ఆ మాటకు చిన్న యని అర్థము. అప్పుడు కనుసన్న కాస్తా చిన్నకన్ను అయి కూర్చుండును.

నిజమునకు తెలుగున 'సన్న'లు రెండు. సన్నబియ్యము, సన్నజాజి అనుచోట నున్నది నాజూకును తెలుపు సన్న. కనుసన్న, చేసన్న అనుచోట నున్న దానికి గుర్తు అని అర్థము. ఈ రెండవది సంస్కృతపు 'సంజ్ఞా' శబ్దమునకు వికృతి. సంజ్ఞా ప్రాకృతమున 'సణ్ణా' అయి, తెలుగున 'సన్న'గా నిలిచినది. కన్నడమున 'సన్నె' అయినది. కన్నడిగులు 'కణ్సన్నె' అనునది మన కనుసన్నయే. కన్నడము సణ్ణ, సన్నె అని రెంటిని వేరుగా పలుకుచున్నది. తెలుగున రెండును ఒకే రూపము దాల్చుటచే చిక్కు వచ్చినది.

రెప్పపాటునకు, కనుసన్నకు భేదము కలదు. రెప్పపాటు తలంపు లేకయే జరుగును. కావుననే అది కాలమునకు కొలత అయినది. సంస్కృతమున 'నిమిషము' అనగా మొదట రెప్పపాటే. నేడది 60 సెకండ్లకు పేరు. కన్నుగీటు తలచి చేయునదే కాని, నేడు దానికి చిలిపితనపు ఛాయ అంటినది. కనుసన్నకు ఆ కట్టుబాటు లేదు. గంభీరమైన సందర్భమునను చెల్లును.

విరాటపర్వమున విరటుడు పాచికతో కొట్టగా ధర్మరాజు ముక్కు నుండి నెత్తురు కారెను. అతడు దానిని నేల పడనీక దోసిట పట్టి, ద్రౌపది వంక చూచెను. ఆమె ఆ చూపు భావ మెరిగి బంగారు పాత్ర తెచ్చి నెత్తురు పట్టెను. అజ్ఞాతవాసమున నోరు విప్పరాని వేళ చూపే మాట యైనది.

యజమాని కన్ను కనిపెట్టి మెలగు సేవకుని బట్టి 'కనుసన్నలలో మెలగుట' అనగా ఆజ్ఞకు లోబడుట అను అర్థము కలిగెను. నేటి పత్రికలలో 'ఫలానావారి కనుసన్నలలో జరిగినది' అన్నచో, పైకి కనబడని పెత్తనమని పాఠకుడు గ్రహించును. సన్నను చిన్న యనుకొన్న బాలునకు ఈ వాక్యము మూసిన తలుపే.

అట్లని పొరుగు భాషను దూరముగా నుంచ బనిలేదు. నల్లబల్లపై ఒకవైపు సన్నబియ్యము, వేరొకవైపు కనుసన్న అని వ్రాసి, రెండవదాని ప్రక్క 'కణ్సన్నె' యని చేర్చిన చాలును. తమిళనాట నైనచో 'కణ్‌జాడై' యని వ్రాయవచ్చును; అందలి జాడై మన 'జాడ'కు దగ్గరి మాట. బాలుడు వీధిలో విన్న మాటయే ఇంటి మాటకు అర్థము చెప్పును.