స్టెంట్ అమర్చిన తరువాత కూడ ఛాతీనొప్పి ఎందుకు?

2021 జనవరి 2వ తేదీన కోల్‌కతాలో భారత క్రికెట్ మాజీ కెప్టెన్ శ్రీ సౌరవ్ గంగూలీ వ్యాయామం చేయుచుండగా అస్వస్థతకు లోనైనారు. అప్పటికి ఆయన వయస్సు 48 సంవత్సరములు. ఉడ్‌ల్యాండ్స్ ఆసుపత్రి వైద్యులు పరీక్షింపగా హృదయ ధమనులు మూడింటిలోను అవరోధములు కనిపించినవి. వానిలో ఒకదానికి వెంటనే స్టెంట్ అమర్చిరి. 7వ తేదీన ఆయన ఇల్లు చేరినారు. 27వ తేదీన మరల ఛాతీలో అసౌకర్యము కలుగగా అపోలో ఆసుపత్రిలో చేర్చిరి. మరునాడు మరి రెండు స్టెంట్లు అవసరమైనవి. ఆ రోజులలో మన క్యాంటీనులోను, కాలనీలోను అందరి నోట ఒకటే ప్రశ్న: "స్టెంట్ వేసిన తరువాత మళ్ళీ ఈ నొప్పి ఏమిటండీ?"

మేము వైద్యులము కాము. అయినను పంపులతో, గొట్టములతో ఉద్యోగ జీవితము గడిపిన వారమగుటచే ఈ ప్రశ్న మాకు కొంత పరిచితముగనే తోచినది. గొట్టము వ్యాసార్ధము సగమైనచో, అదే ఒత్తిడి వద్ద ప్రవాహము పదునారవ వంతునకు పడిపోవునని మనమందరము చదువుకొన్నదే. అయితే ధమని ఇనుప గొట్టము కాదు. ముందున్న సన్నని నాళములు వ్యాకోచించి చాలకాలము లోటును పూడ్చుచుండును. అందుచేత విశ్రాంతిగా ఉన్నపుడు ఏ బాధయు తెలియదు. హావ్‌డా స్టేషనులో వంతెన మెట్లు ఎక్కునపుడు, పౌష మాసపు చలిగాలిలో బరువైన సంచితో నడచునపుడు గుండెకు అదనపు రక్తము కావలెను. అది అందనపుడు కలుగు నొప్పినే ఆంజైనా అందురు. దీనిని 1772లోనే ఆంగ్ల వైద్యుడు విలియం హెబర్డెన్ వర్ణించినాడు.

స్టెంట్ ఒక్క చోటి ఇరుకును మాత్రమే విప్పును. వ్యాధి ధమనులంతటా వ్యాపించి ఉండును. కావున నొప్పి మరల వచ్చుటకు కారణములు పలు విధములు. మొదట ముట్టని మరొక ధమనిలో అవరోధము ఉండవచ్చును. స్టెంట్ లోపలనే కణజాలము పెరిగి దారి మరల ఇరుకు కావచ్చును. బైపాస్ చేయించుకొన్నవారిలో అతికించిన నాళము పూడిపోవచ్చును. పెద్ద ధమనులు బాగుగనే ఉండి, కంటికి కనబడని సన్నని నాళములలోనే లోపము ఉండుటయు కలదు. కావున నొప్పి తిరిగి వచ్చినంత మాత్రమున మొదటి చికిత్స విఫలమైనదని నిందింప పనిలేదు. 2020లో ప్రచురితమైన ఇస్కీమియా అను పెద్ద పరిశోధనలో 5,179 మంది రోగులు పాల్గొన్నారు. నిలకడగా ఉన్న వ్యాధిలో ముందుగనే స్టెంట్ లేక బైపాస్ చేయుట వలన, మందులతో చికిత్స చేయుటకంటె మరణములు తగ్గినట్లు కనబడలేదు. తరచుగా నొప్పి వచ్చువారికి మాత్రము ఉపశమనము ఎక్కువ లభించినది.

బొగ్గు గనులతో పరిచయమున్న పాఠకులకు ఒక ముచ్చట. ఒకప్పుడు గనులలో ప్రేల్చిన డైనమైటుకు మూలమైన నైట్రోగ్లిసరినే ఈ నొప్పికి మందు! 1879లో విలియం మరెల్ దాని గుణమును లోకమునకు చాటినాడు. డైనమైటును కనుగొన్న నోబెల్‌కే చివరి దినములలో వైద్యులు దీనిని సూచించిరి. ఆ కర్మాగారములలో పనివారికి సెలవు తరువాత సోమవారము తలనొప్పి వచ్చి, వారము నడుమ తగ్గెడిది. శరీరము మందుకు అలవాటుపడుటయే దానికి కారణము. ఈ జాతి మందులను దినమంతయు ఎడతెగకుండ ఇచ్చినచో పని తగ్గును. అందువలననే వైద్యులు సాధారణముగా రాత్రి కొన్ని గంటలు విరామము ఉంచుదురు. చీటీలోని వేళలను సొంతముగా మార్చరాదు.

నాలుక క్రింద ఉంచుకొను సార్బిట్రేట్ మాత్రను కూర్చుండియే వాడవలెను. రక్తపోటు తటాలున తగ్గి పడిపోవుట కలదు.

ఈ నగరములో ఛాతీలో ఏ మంట పుట్టినను "గ్యాస్, అంబల్" అని యాంటాసిడ్ చప్పరించుట ఆచారమైనది. మన ఇండ్లలోను ఈ అలవాటు పాకినది. ఎప్పుడును ఒకే పాటి శ్రమకు వచ్చి, విశ్రాంతితో కొద్ది నిమిషములలో తగ్గు నొప్పి ఒక ఎత్తు. అదే నొప్పి తక్కువ శ్రమకే వచ్చినను, విశ్రాంతిలోనే వచ్చినను, మునుపటికంటె ఎక్కువసేపు నిలిచినను అది వేరు. చెమట, ఆయాసము, ఎడమ చేతికో దవడకో ప్రాకు బరువు తోడైనచో అంబల్ మాట కట్టిపెట్టవలెను. మధుమేహులకు, స్త్రీలకు నొప్పి స్పష్టముగా లేకుండ ఆయాసమే కనిపించుటయు కలదు. మాత్ర వేసిన అయిదు నిమిషములకు తగ్గకున్నచో, డ్యూటీ ముగియువరకు ఆగక ఆసుపత్రికి పోవలెను. స్వయముగా స్కూటరు నడుపుకొని పోరాదు.

స్టెంట్ వేయించుకొన్నవారు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలను పన్ను పీకించుకొనుటకైనను హృద్రోగ వైద్యుని అడుగనిదే ఆపరాదు. పన్ను వైద్యునికి స్టెంట్ సంగతి ముందుగనే చెప్పవలెను.