మూసిన తలుపులు, మండు కుంపటి

మార్గశిరము ప్రవేశించినది మొదలు ఉబ్బసపు వృద్ధులకు రాత్రులు యుగములగుచుండును. లంబసింగిలోనే గాదు, గోదావరితీర గ్రామములందును వేకువను మంచు దట్టముగ గురియును. చల్లని పొడిగాలికి శ్వాసనాళములు ముడుచుకొనును. ముక్కున బీల్చినగాలి కొంత వెచ్చబడి లోనికి బోవును. నోట బీల్చినది యట్లుకాదు. కావున వేకువను బయలుదేరక తప్పనివారు ఉత్తరీయముతో ముక్కునోరు గప్పుకొనుట మేలు.

అయితే చలికంటె మన జాగ్రత్తయే మాకు భయము గొలుపుచున్నది. తలుపులు, కిటికీలు బిగించి, మంచముచెంత బొగ్గుల కుంపటి నుంచుట నేటికిని కొన్ని యిండ్ల నాచారము. పొగ లేదుగదా యందురు. కాని బొగ్గులనుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగులేదు, వాసనలేదు. నిద్రించువాడు మరల మేల్కొనకయే పోవచ్చును. ఇది చాలదన్నట్లు, జలుబుతోనున్న మనుమల నా గదిలోనే అవ్వప్రక్కను బరుండబెట్టుదురు! ఇన్‌ఫ్లూయెంజాకు గాలి మారని గదికంటె ననుకూలమైన తావేది?

శిశువులకు న్యుమోకోకల్ టీకాను ప్రభుత్వము 2017లో కొన్ని రాష్ట్రములందు ప్రారంభించి, 2021లో దేశమంతట విస్తరింపజేసినది. పెద్దలవిషయమున గృహస్థులే పూనుకొని, వైద్యుని సంప్రదించి, ఈ టీకాను, ఏటేట ఇన్‌ఫ్లూయెంజా టీకాను వేయింపవలయును. దావాలకై నెలకు రెండుమార్లు పట్టణమునకు బోవువారికి తల్లి నొకమారు వెంటగొనిపోవుట భారమా? ఈ రాత్రికి మాత్రము కుంపటి నావలబెట్టి, ఆమెకు మరియొక కంబళి గప్పి, కిటికీరెక్క నొకదానిని జానెడు తెరచియుంచుడు.