బండి బిల్లు చదువుదాం



ఇప్పుడు ఊర్లో మోటరు సైకిల్ లేని ఇల్లు తక్కువ. పొలం కాడికి పోవాలన్నా బండే. పొద్దున పాలడబ్బా తీసుకపోవాలన్నా బండే. చిన్నకోడూరు నుంచి సిద్దిపేట మార్కెట్‌కు కూరగాయల మూట పోవాలన్నా బండే. మన ఆడవాళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. మంచిదే. కాని బస్సు మన చేను గట్టు దాకా రాదు గదా!

అందుకని బండి కొంటున్నాం. చాలా ఇండ్లలో మహిళా సంఘంలో లోను తీసి కొంటున్నాం. లోను మన పేరు మీద. నెలనెలా కిస్తు కట్టేది మనం. షోరూంకు పోయేది మాత్రం మగవాళ్లు. "ఆన్ రోడ్ ఎంత?" అని అడుగుతారు. వాళ్లు ఒక అంకె చెప్తారు. పైసలు లెక్కబెట్టి ఇచ్చి వస్తారు. బిల్లు మడతపెట్టి పెట్టెలో పెడతారు. దాన్ని ఎవరూ చదవరు.

ఈ పాఠంలో ఆ బిల్లు చదువుదాం.

నంబరు ఏం చెప్తుంది?

పిల్ల పుడితే పుట్టిన పత్రం రాయిస్తాం. బండికి కూడా అట్లాంటి పత్రం ఉంటుంది. దాన్ని ఆర్.సి. అంటారు. బండి ఎవరిది, ఏ కంపెనీది, ఏ రోజు రిజిస్టర్ అయింది అనేది దాని మీద ఉంటుంది. సర్కారు పుస్తకంలో బండిని ఎక్కించి నంబరు ఇయ్యడమే రిజిస్ట్రేషన్.

మన ఊరి బండ్ల నంబర్లు చూడండి. పాత బండి మీద ఏ.పి. 23 అని ఉంటుంది. అది ఉమ్మడి రాష్ట్రంలో మెదక్ జిల్లా గుర్తు. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. 2016 అక్టోబర్ 11న సిద్దిపేట జిల్లా అయింది. అప్పటి నుంచి టి.ఎస్. 36. మళ్లా 2024 మార్చి 15 నుంచి కొత్త బండ్లకు టి.జి. 36 వేస్తున్నారు. మూడు రకాల నంబర్లు ఒక్క వాడకట్టులోనే కనబడతాయి. పాత నంబరు పాతదిగానే చెల్లుతుంది. "టి.ఎస్. తీసి టి.జి. వేయించుకోవాలె, ఇంత ఖర్చయితది" అని ఎవరన్నా పైసలు అడిగితే ఇయ్యకండి.

ఫీజు వేరు, పన్ను వేరు

మా చదువుల కేంద్రంలో ఒక అక్క అడిగింది. "రిజిస్ట్రేషన్‌కే పది వేలు అయినయంట, గంత ఎందుకు?" అని. నిజానికి రిజిస్ట్రేషన్ ఫీజు పది వేలు కాదు. మోటరు సైకిల్‌కు 300 రూపాయలే! కార్డుకు ఇంకో 200. ఈ ఫీజును ఢిల్లీలో కేంద్ర సర్కారు నిర్ణయిస్తుంది. 2016 డిసెంబర్ చివరి దాకా ఇది 60 రూపాయలే ఉండేది. ఒక్కసారిగా 300 చేశారు. అయిదింతలు అయింది. అయినా అక్క చెప్పిన పది వేలలో ఇది చిన్న ముక్కే.

పెద్ద ముక్క వేరే ఉంది. దాని పేరు జీవితకాల పన్ను. లైఫ్ టాక్సు అంటారు. దీన్ని మన రాష్ట్ర సర్కారు వేస్తుంది. బండి కొన్నప్పుడు ఒక్కసారే కట్టాలి.

ఫీజు అంటే ఒక పని చేసినందుకు కట్టేది. బండి ధర ఎంతున్నా 300 రూపాయలే. పన్ను అట్ల కాదు. బండి ధరలో నూటికి ఇంత అని లెక్కగడతారు. ధర పెరిగితే పన్ను తానే పెరుగుతుంది. ఎవరూ కొత్తగా ఉత్తర్వు ఇయ్యనక్కరలేదు.

2022 మే నెల దాకా మోటరు సైకిల్‌కు నూటికి 9 రూపాయలు ఉండేది. ఆ నెలలో మార్చారు. ధర 50,000 లోపు ఉంటే నూటికి 9. యాభై వేలు దాటితే నూటికి 12. 2025 ఆగస్టులో లక్ష దాటిన బండ్లకు ఇంకా పెంచారు.

లెక్క చూద్దాం.

బండి ధర 50,000. నూటికి 9 చొప్పున పన్ను 4,500.
బండి ధర 75,000. నూటికి 12 చొప్పున పన్ను 9,000.

ధర ఒకటిన్నర రెట్లు అయింది. పన్ను మాత్రం రెండింతలు అయింది.

లక్షల బండి కొనేవాళ్లకు పన్ను ఎక్కువ వేస్తే నాకేమీ అభ్యంతరం లేదు. కాని 50,000 అనే గీతను చూస్తే నాకు న్యాయం అనిపించదు. ఆ లోపల దొరికేవి ఎక్సెల్ లాంటి చిన్న బండ్లు కొన్నే. పాలు పోసేవాళ్లు, కూలికి పోయేవాళ్లు కొనే మామూలు మోటరు సైకిల్ కూడా గీత దాటిపోతుంది. ధరలు ఏటేటా ఎక్కుతున్నాయి. గీత మాత్రం ఉన్నకాడనే ఉంది.

ఈ 9,000 మన కూలిలో ఎంత? 2025 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలుగా నిర్ణయించారు. అంటే ఒక్క పన్నుకే 29 రోజుల కూలి పైన పోతుంది. బండి ధర అయితే 244 రోజుల కూలి.

బండి ధర ఎందుకు పెరిగింది అంటే కారణాలు చాలా ఉన్నాయి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బ్రేకుల నియమం వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి పొగ తక్కువ వచ్చే ఇంజను పెట్టాలన్నారు. రెండూ మంచివే. కాని కంపెనీ ఆ ఖర్చు మన మీదనే వేసింది. ధర తగ్గిన రోజు కూడా ఒకటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి మామూలు మోటరు సైకిళ్ల మీద జి.ఎస్.టి. నూటికి 28 నుంచి 18కి దిగింది. బిల్లులో 18 అని ఉందా లేదా చూసుకోవాలి.

బ్యాటరీ బండికి అయితే జీవితకాల పన్ను లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు లేదు. 2024 నవంబర్‌లో సర్కారు ఈ మాట చెప్పింది. 2026 డిసెంబర్ 31 దాకా అని గడువు పెట్టింది. కాని ఆ బండి ధర ఎంత, బ్యాటరీ పోతే ఖర్చు ఎంత, బాగుచేసేవాళ్లు దగ్గర్లో ఉన్నారా అనేది కూడా అడగాలి.

ఇన్సూరెన్సు మాట

బిల్లులో ఇంకో పెద్ద ముక్క ఇన్సూరెన్సు. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త మోటరు సైకిల్‌కు ఒకేసారి 5 ఏండ్ల ఇన్సూరెన్సు కట్టాలి. సుప్రీంకోర్టు చెప్పినందుకు ఈ నియమం వచ్చింది. 2022 జూన్‌లో పెట్టిన రేటు ప్రకారం మామూలు మోటరు సైకిల్‌కు ఇది 3,851 రూపాయలు. మీద జి.ఎస్.టి. కలిపితే 4,544 దాకా అవుతుంది.

దీన్ని థర్డ్ పార్టీ అంటారు. అంటే మన బండి ఎదుటి మనిషికి తగిలితే, ఆ మనిషికి కంపెనీ పరిహారం ఇస్తుంది. బండి నడిపే మన మనిషికి దీంట్లో ఏమీ రాదు! చాలామందికి ఈ సంగతి తెలియదు. మన మనిషి కోసం వేరే ఉంటుంది. బండి యజమాని తానే నడుపుతూ చనిపోతే 15 లక్షలు వచ్చే ఇన్సూరెన్సు అది. అది కట్టారా అని అడగండి. ఎన్నేండ్లకు కట్టారో కూడా అడగండి. చాలాసార్లు ఒక్క ఏడాదికే కడతారు. ఇంకో మాట. నడిపే యజమానికి లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేకపోతే ఆ డబ్బు కోసం ఇంటి ఆడమనిషి ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తుంది.

తెల్ల చిట్టీ

ఇప్పటిదాకా చూసినవి కూడదాం. బండి ధర 75,000. పన్ను 9,000. ఫీజు 300. కార్డు 200. ఇన్సూరెన్సు 4,544. మొత్తం 89,044. ఫైనాన్సులో తీసుకుంటే ఆ సంగతి ఆర్.సి.లో రాసినందుకు ఇంకో 500. రవాణా ఆఫీసు సర్వీసు చార్జీలు కొంత ఉంటాయి.

దీనికంటే చాలా ఎక్కువ అడిగితే, ఆ మిగతాది దేనికి అని అడగాలి.

ఒక అక్క ఇట్లనే అడిగింది. ఆమె చేతికి అచ్చు బిల్లుతో పాటు ఒక తెల్ల చిట్టీ కూడా ఇచ్చారు. దాని మీద పెన్నుతో "హ్యాండ్లింగ్" అని రాసి అంకె వేశారు. ముద్ర లేదు. సంతకం లేదు. ఆమె కూడబలుక్కుని చదివింది.

"ఇదేంది తమ్మీ?" అన్నది.

"అందరూ ఇస్తరు అక్కా" అన్నాడు ఆ పిల్లగాడు.

"అందరు ఇచ్చేదైతే రసీదు ఇయ్యి. సంఘంల చూపియ్యాలె."

రసీదు రాలేదు. ఆ అంకె బిల్లులోనుంచి పోయింది. హ్యాండ్లింగ్ అనేది సర్కారు ఫీజు కాదు. సర్కారుకు పోయే ప్రతి రూపాయికి రసీదు ఉంటుంది.

పాత బండి

కొత్త బండి సంగతి అట్లుంచి, మన వాకిట్ల ఉన్న పాత బండి చూద్దాం. ఆర్.సి. 15 ఏండ్లకే ఇస్తారు. తర్వాత మళ్లా చేయించాలి. దీనికి మోటరు సైకిల్‌కు 300 రూపాయలు ఉండేది. 2022 ఏప్రిల్ 1 నుంచి 1,000 చేశారు. 2025 ఆగస్టులో, 20 ఏండ్లు దాటిన బండికి 2,000 చేశారు. హరిత పన్ను అని ఇంకొకటి అదనం. గడువు దాటితే ఆలస్యానికి నెలకు 300. ఏడాది మరిచిపోతే 3,600 అవుతుంది! ఇరవై ఏండ్ల బండి అమ్మితే ఎంత వస్తుందో మీకు తెలుసు. చేయించాలా, తుక్కుకు ఇచ్చి ఆర్.సి. రద్దు చేయించాలా అనేది లెక్క వేసుకోవాలి.

పాత బండి అమ్మితే ఇంకో జాగ్రత్త. మన దగ్గర బండి అమ్మి, తాళంచెవి ఇచ్చి, నోటి మాటతో వదిలేస్తారు. ఆర్.సి.లో పేరు మారదు. కొన్నతను ఎవరినైనా గుద్దితే? ఆ బండికి ఇన్సూరెన్సు లేకుంటే? పరిహారం కట్టవలసింది ఆర్.సి.లో పేరున్న మనిషి. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. అమ్మి ఎన్నేండ్లయినా కాగితం మీద బండి మనదే. రెండెకరాల చేను కూడా పోవచ్చు. పేరు మార్చడానికి ఫీజు ఎంత? మోటరు సైకిల్‌కు 150, కార్డుకు 200. అమ్మినవాళ్లు 14 రోజుల్లో ఆఫీసుకు తెలపాలి.

పేరు ఎవరిది?

కిస్తు కట్టేది మనమే అయినప్పుడు బండి మన పేరు మీద ఎందుకు ఉండకూడదు? ఉండవచ్చు. నా మాట అడిగితే ఉండాలంటాను. కాని దానితో పాటు బాధ్యత కూడా వస్తుంది. 18 ఏండ్లు నిండని కొడుకు ఆ బండి నడిపి ప్రమాదం చేస్తే, 2019లో మార్చిన చట్టం ప్రకారం తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25,000 జరిమానా, 3 ఏండ్ల దాకా జైలు. "ఊర్లనే గదా నడిపేది" అనే మాట అక్కడ పనికిరాదు.

భర్త పేరు మీద బండి ఉండి, ఆయన కాలం చేస్తే, 30 రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలపాలి. 3 నెలల్లో ఫారం 31 పెట్టి బండి మన పేరు మీదికి మార్చుకోవాలి. దుఃఖంలో ఉన్నప్పుడు ఈ కాగితాలు ఎవరికీ గుర్తుండవు. అందుకే సంఘంలోని మిగతా అక్కలు గుర్తు చేయాలి.

ఫైనాన్సు కిస్తులు అయిపోయినాక ఫైనాన్సు వాళ్ల దగ్గర ఫారం 35 తీసుకోవాలి. దాన్ని ఆఫీసులో ఇచ్చి ఆర్.సి.లోనుంచి వాళ్ల పేరు తీయించాలి. అప్పటిదాకా బండిని అమ్మడం కష్టం.

బండి లేని ఇంటికి

"మాకు బండే లేదు, మాకెందుకు ఈ లెక్క?" అనవచ్చు. సంతకు టమాట తెచ్చే ట్రాలీ ఆటోకు ఇన్సూరెన్సు ఉంది, ఫిట్‌నెస్ ఫీజు ఉంది, డీజిల్ ఖర్చు ఉంది. ఆ ఖర్చు అతను కిరాయిలో వేస్తాడు. కిరాయి టమాట ధరలో కలుస్తుంది. హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 2021 జూన్‌లో 100 దాటింది. ఆ తర్వాత వంద కిందికి దిగలేదు. ఆ లీటరు ధరలో కూడా రెండు సర్కార్ల పన్నులు ఉన్నాయి. మన గంపలోని కూరగాయ కూడా రోడ్డు మీది నుంచే వస్తుంది గదా!

లెక్క చేద్దాం

1. బండి ధర 60,000. నూటికి 12 చొప్పున జీవితకాల పన్ను ఎంత?
2. అదే బండికి నూటికి 9 చొప్పున అయితే ఎంత? తేడా ఎంత?
3. మీ ఇంటి బండి ఆర్.సి. తీసి చదవండి. పేరు ఎవరిది? తేదీ ఎప్పటిది? 15 ఏండ్లు ఎప్పుడు నిండుతాయి?

(జవాబులు: 1. 7,200 రూపాయలు. 2. 5,400 రూపాయలు, తేడా 1,800 రూపాయలు. 3. మీ ఆర్.సి.లో ఉంది.)